నాలుగు మెగాబైట్లలో ఒక ఊరు

పెద్ద యంత్రాలకు వీడియో గేములు చేసేవాళ్లకు పేరెక్కువ. నాకు మాత్రం చేతిలో ఇమిడే నింటెండో డీఎస్‌కు ఆటలు రాసినవాళ్ల పనితనమే ముచ్చటేస్తుంది. 2007లో ట్రాన్స్‌ఫార్మర్స్ సినిమాతో పాటు వచ్చిన ‘డిసెప్టికాన్స్’ ఆట చూడండి. చేసింది అమెరికాలోని వికారియస్ విజన్స్. గుహ, కార్తీక్ బాలా అన్నదమ్ములు హైస్కూల్లో ఉండగానే పెట్టిన సంస్థ.

డీఎస్ ప్రధాన మెమరీ 4 మెగాబైట్లే. ఒక్కో తెర 256 × 192 చుక్కలు. అంత ఇరుకులోనే తిరగడానికి వీధులు, వాటి మీద బండ్లు, మరమనుషుల కొట్లాట! ఎదురైన బండిని స్కాన్ చేస్తే మన రోబో ఆ రూపమెత్తుతుంది. అసలు కష్టం ఇక్కడే. ఒక్క పాత్రకు రెండు ఒళ్లు, రెండు నడకలు. మారే క్షణంలో ఆట తడబడకూడదు. ఒక్కో బొమ్మకు ఎన్ని బహుభుజులు (పాలిగన్లు) చాలో పొదుపుగా లెక్క చూసుకోవాలి.

పైగా ఇందులో మనది విలన్లైన డిసెప్టికాన్ల పక్షం. దుర్యోధనుడి ఏకపాత్రాభినయానికి ఈలలేసినవాళ్లం, మనకేం ఇబ్బంది! మంచివాళ్ల వైపు కథను ‘ఆటోబాట్స్’ పేరుతో విడిగా అమ్మారు, అది వ్యాపారం.

డీఎస్ ఆన్‌లైన్ సేవను నింటెండో 2014లో ఆపేసింది. అయినా ఈ ఆటలో ఒంటరిగా ఆడే కథకు దాంతో పనిలేదు. పాత డీఎస్ దొరికితే ఆడి చూడండి.