చిత్రదర్శనము – మన యిండ్లలోని ఛాయాపటములు

భవభూతి మహాకవి రచించిన ఉత్తరరామచరితమున మొదటి యంకమునకు చిత్రదర్శనమని పేరు. జనకమహారాజు మిథిలకు మరలిపోవుటచే చిన్నబోయియున్న సీతకు ఉల్లాసము కలిగించుటకై తమ పూర్వచరిత్రమును చిత్రించిన పటముల వరుసను లక్ష్మణుడు చూపును. రాబోవు కరుణరసమునకు ఈ యంకము పునాది యని విమర్శకులు చెప్పుట పరిపాటి. అది సరియే. కాని ఒక కుటుంబము తన బొమ్మలను తాను చూచుకొనునప్పుడు ఎట్లు మెలగవలెనో, ఎక్కడ తప్పటడుగు పడునో తెలుపు పాఠముగా గూడ దీనిని చదువవచ్చునని మా యభిప్రాయము. ప్రతి చేతిలోను ఛాయాగ్రహణయంత్రము గల యీ దినములలో ఈ పాఠము మనకు మిక్కిలి యవసరము.

ఆ పటములు తమంత తాము పలుకవు. లక్ష్మణుడు చూపుచుండును, సీత అడుగుచుండును, రాముడు జ్ఞప్తికి దెచ్చుకొని చెప్పుచుండును. పెండ్లినాటి ఘట్టము వచ్చినప్పుడు రామునకు తండ్రి బ్రతికియున్న దినములు, తల్లులు తమ్ము కనిపెట్టి చూచుకొనిన దినములు తలపునకు వచ్చును. చూపువారు, అడుగువారు, చెప్పువారు కూడినప్పుడే బొమ్మ జ్ఞాపకమగును. నేటి మన యిండ్లలో చూపువారు కోకొల్లలు. పులివెందులలో జరుగు పెండ్లి పటములు తలంబ్రాలు ముగియకమునుపే కువైటులోని మేనమామకు చేరుచున్నవి. ఆయన చేతులు జోడించిన గుర్తు నొకదానిని తిరిగి పంపును. అంతటితో సరి. అడుగువారు లేరు, అడుగనందున చెప్పువారును లేరు.

ఇక నా ఘట్టములోని సున్నితమైన భాగము. వివాహచిత్రమును చూపుచు లక్ష్మణుడు సీతను, మాండవిని, శ్రుతకీర్తిని పేర్కొని యూరకుండును. మిగిలినయామె ఊర్మిళ, అతని భార్య. ఈ రెండవయామె యెవరని సీత పరిహాసముగా అడుగును. లక్ష్మణుడు సిగ్గుపడి, మాట తప్పించి, పరశురాముని చిత్రమువైపు ఆమె చూపును మరల్చును. చదువువారు నవ్వుకొందురు. మేమును నవ్వుకొంటిమి. కాని ఆ నవ్వు వెనుక మన గృహముల చరిత్రమంతయు నున్నది. మగనిపేరు భార్య పలుకరాదు. భార్యపేరు మగడు పదిమందిలో పలుకడు. మగవాని పేరునకు దస్తావేజులు, పట్టాలు, బడిపుస్తకములు సాక్ష్యము పలికినవి. ఆడుదాని పేరునకు ఆ యాధారము అరుదు. మర్యాద యిద్దఱికిని సమానమైనను నష్టము ఒకరికే కలిగినది.

ప్రొద్దుటూరిలో మా తరగతి పిల్లలను ఇంటనున్న పాతపటము నొకదానినిగూర్చి వ్యాసము వ్రాసి తెమ్మని కోరితిమి. ఒక బాలుడు తెచ్చిన పటములో మగవారు కుర్చీలలో కూర్చుండిరి. ఆడువారు వెనుక నిలిచిరి. మగవారి పేర్లన్నియు అతడు వరుసగా వ్రాసెను. వెనుకనున్నవారిని జేజి, పెద్దజేజి, అత్త యని మాత్రము వ్రాసెను. “మీ జేజి పేరేమి?” అని యడుగగా “జేజి అనే పిలుస్తాము సార్” అనెను. మఱునాడు పేరుతోపాటు ఒక కథనుగూడ తెచ్చెను. ఆ పటము జమ్మలమడుగులోని యొక స్టూడియోలో తీయించినది. వెనుక తెరపై మేడమెట్లు, పూలకుండలు చిత్రింపబడియున్నవి. ఇంటివారు దానిని బంధువులకు పంపునప్పుడెల్ల, మా పెద్దల వైభవము చూడుడని వ్రాయుదురట. జేజి చెప్పిన మాట వేఱు. అది కఱవునాటి పటము. ఆమె కట్టిన పట్టుచీర తోడికోడలిది. పటము తీసిన దినముననే మడిచి యిచ్చివేసినది. మేడ తెరది, చీర తోడికోడలిది; ఆ పటమున ఆమెదిగా నున్నది ముఖమొకటే. దానికిని పేరు లేకపోయినది.

ఈ కథ తెలిసినపిమ్మట ఆ పటము విలువ తగ్గెనా? మా దృష్టిలో పెరిగినది. వైభవమను మాట అబద్ధము. కఱవులో ఒకరి చీర నొకరు కట్టుకొని నిలిచిన తోడికోడండ్ర చెలిమి నిజము.

స్త్రీల ముఖములను పటమునకెక్కించుటకు మన దేశమున ప్రయత్నము లేకపోలేదు. 1892లో హైదరాబాదున రాజా దీన్‌దయాళ్ ఘోషాస్త్రీలకొఱకు ప్రత్యేకముగా నొక ఛాయాగ్రహణశాలను నెలకొల్పి, దానిని ఒక ఆంగ్లవనిత చేతిక్రింద నుంచెను. ముఖము విషయమున అంత శ్రద్ధ వహించి నూఱేండ్లు దాటినది. పేరును నిలుపుటకు యంత్రమైనను అక్కఱలేదు. ఒక పెన్సిలు చాలును.

ఈ పనిని వాయిదా వేయుట యెంత ప్రమాదమో జమ్మలమడుగు ప్రాంతమువారికి చెప్పనక్కఱలేదు. గండికోట జలాశయమున నీటిమట్టము పెరుగగా 2020లో కొండాపురము మండలములోని తాళ్ళప్రొద్దుటూరు ముంపునకు గురియైనది. జనులు ఇండ్లు విడిచి తరలిపోవలసివచ్చినది. ఇల్లున్నంతకాలము అరుగును చూపి, ఇక్కడ మీ తాత కూర్చుండెడివాడని చెప్పవచ్చును. ఇల్లు నీటిపాలైనపిమ్మట ఆ యరుగు ఏదో యొక పెండ్లిపటము మూలలో మిగులును. మనుమడు చూచి వట్టి గోడ యనుకొనును. అది యెవరి గోడ, ఏ వీథి, ఆ మలుపు దాటిన ఏ బావి యుండెడిదో చెప్పగలవారు నేడున్నారు. వారు చెప్పకయే పోయినచో, పటము భద్రముగా నున్నను ఊరు రెండవమాఱు మునిగినట్లే.

ఆంగ్లకవి విలియం కౌపరు తల్లి 1737లో మరణించెను. అప్పటి కాతడు ఆఱేండ్ల బాలుడు. 1790లో అతని మేనమామ కూతురు ఆ తల్లి చిత్రము నొకదానిని అతనికి పంపెను. దానిపై అతడు వ్రాసిన కవిత ప్రసిద్ధము. తోటమాలి తన్ను చిన్నబండిలో కూర్చుండబెట్టి బడికి లాగికొనిపోవుట, తల్లి తన చేతికిచ్చిన బిస్కత్తు, ఆమె దుస్తులమీది పూలను తాను కాగితముపై గుండుసూదితో పొడిచి దించుట – ఇవి యేవియు చిత్రమున లేవు, చూచినవాడు చేర్చినవి. ఇవి గొప్ప సంగతులు కావు. ఏ యింటనైనను దొరకు మాటలు. అయినను అవి లేకున్న ఆ చిత్రము మనకెవ్వరో యొక స్త్రీ ముఖము. పంపుట సగము, చెప్పుట సగము. రెండును కలసిననే పంచుకొనుట యగును.

ఇంటిగుట్టు రచ్చకెక్కించుట యేల యని కొందఱు పెద్దలు ఆక్షేపింతురు. ఆక్షేపణ త్రోసివేయదగినది కాదు. దానికి సమాధానము భవభూతియే యిచ్చినాడు. లక్ష్మణుడు మంథరను చూపినప్పుడు రాముడు బదులు పలుకక మఱియొక చిత్రమునకు సాగును. ఊర్మిళను దాటవేయుటయు మంథరను దాటవేయుటయు ఒకటి కావు. మొదటిది ఒక మనిషిని మఱుగుపఱచినది. రెండవది ఒక పగను చల్లార్చినది. పెద్దల కలహములను పదిమందిలో తిరుగదోడ నక్కఱలేదు. అట్లే పటమును పంపుటకు ముందు అందున్నవారి యిష్టము నడుగవలెను, వలదన్నచో మానవలెను. పెండ్లిచూపులకై పంపిన కన్య పటము, సంబంధము తప్పిపోయిన పిమ్మటను చేతులు మాఱుచుండుట మేమెఱుగుదుము. అది పంచుకొనుట కాదు, అపచారము. కాని గుట్టు దాచుచున్నామను నెపముతో పేర్లను దాచుట గూడ అపచారమే.

చదువరులు ఈ పనిని నేడే మొదలుపెట్టవచ్చును. అచ్చుపటమైనచో వెనుక అంచున మెత్తని పెన్సిలుతో ఒత్తిపట్టక వ్రాయుడు. సిరా ముందువైపునకు దిగవచ్చును. ఎడమనుండి కుడికి పేర్లు, ఊరు, సంవత్సరము, తీయించిన సందర్భము – ఇవి చాలును. సంవత్సరము తెలియకున్న, ఏ కఱవు తరువాతనో ఎవరి పెండ్లికి ముందో వ్రాసినను మేలే. ఫోనులో పంపునప్పుడు ఆ మాటలనుగూడ వెంట పంపుడు. వ్రాయలేని పెద్దల గొంతును పట్టి పంపుడు. పటము చేరినవారు చేతులు జోడించి యూరకుండక సీతవలె ఒక ప్రశ్న వేయవలెను. ఆ ప్రశ్నను పిల్లలచేత వేయించుట మఱింత మంచిది.

చిత్రదర్శనవేళ రాముడు సీతతో, జృంభకాస్త్రములు నీ సంతానమునకు సంక్రమించునని చెప్పును. తరువాతి యంకములలో లవునియొద్ద నవి కనబడి, అతడెవరి బిడ్డయో తెలుపు గుర్తులలో నొకటి యగును. మన పిల్లలకు మనమీయదగిన గుర్తు పటము వెనుకనున్న మాటయే. ఊర్మిళ పేరు చెప్పుటకు మనము సిగ్గుపడనక్కఱలేదు.