పడమటి గోడ మీద చెయ్యేసి

ఎర్ర ఇటుక మీద నా మమకారం ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. అందుకే రాజమండ్రిలో ఇల్లు కడుతున్న మా మేనల్లుడు గాలి బుడగల కాంక్రీటుతో చేసే ఏఏసీ బ్లాకులు దింపించాడని తెలిసి మనసు చివుక్కుమంది. గోదావరి ఒండ్రుతో కాల్చిన ఇటుక చేతికందే ఊళ్లో ఇదేం పని? ఆదివారం నిలదీద్దామనే వెళ్లాను.

మా నాన్న ఇటుక కొనే తీరు ఇంకా నా కళ్ల ముందే ఉంది. బట్టీ దగ్గర రెండిటిని ఒకదానితో ఒకటి తట్టేవాడు. ఖంగుమనాలి. గోరుతో గీస్తే గీత పడకూడదు. ఒకదాన్ని ఇంటికి తెచ్చి, తూచి, బకెట్లో ముంచేవాడు. సన్నటి బుడగలు గొలుసుల్లా పైకొస్తుంటే నేను పక్కనే గొంతుక్కూర్చుని చూసేవాణ్ణి. రాత్రంతా నానాక మళ్లీ తూకం. 3 కిలోల ఇటుక 600 గ్రాములకు మించి నీళ్లు తాగితే ఆ బట్టీ వద్దనేవాడు. మామూలు ఇటుకకు భారతీయ ప్రమాణం ఐఎస్ 1077లో ఉన్నదీ ఆ ఐదో వంతు లెక్కే అని చాలా ఏళ్లకు చదివి పొంగిపోయాను.

అంత ఏరి కట్టిన ఇంట్లో మే నెల రాత్రుళ్లు పడమటి గదిలో ఎవరం పడుకోలేకపోయేవాళ్లం. 9 అంగుళాల గోడ మధ్యాహ్నం తాగిన ఎండను సరిగ్గా పక్కలు వేసుకునే వేళకు లోపలికి వదిలేది.

మేనల్లుడి ఇంట్లో రాత్రి ఎనిమిదింటికి కింద పడమటి గోడకు లోపలివైపు చెయ్యానించాను. గోరువెచ్చగా కూడా లేదు. ఆ బ్లాకు బరువు ఇటుకలో మూడో వంతే, లోపలంతా గాలి గదులు. వేడి అంత సులువుగా దాటలేదు.

మేడ మీదికెళ్లి ఆగిపోయాను. జిగురు అయిపోయిందని వరస వరసకీ అంగుళం మందాన సిమెంటు మాలు వేసేశారు. "గోడన్నాక మాలుండాలి కదండీ," అన్నాడు మేస్త్రి. ఇటుకకైతే నిజమే. ఈ బ్లాకుకు 3 మిల్లీమీటర్ల జిగురు చాలు. మందపాటి మాలు వేస్తే వేడి అందులోంచే దారి చేసుకుంటుంది. పైగా పొడి బ్లాకు మాలులోని తడి పీల్చేస్తుంది, మాలు పొడిపొడిగా రాలుతుంది. కాంక్రీటు స్తంభాన్ని బ్లాకు ఆనుకునే చోట వల కూడా కొట్టలేదు, ప్లాస్టరింగు మొట్టమొదట అక్కడే చీలుతుంది.

"బ్లాకులు పీకించెయ్యమంటావా మావయ్యా?" అన్నాడు.

వద్దన్నాను. మాలుతో లేచిన ఆ నాలుగు వరసలు మాత్రం విప్పించి జిగురుతో కట్టించమన్నాను. వానకు తడిసే ప్రహరీకి ఎర్ర ఇటుకే వేద్దామన్నాను, అది ఎంత కాగినా ఎవరి నిద్రా చెడదు. బుధవారం ఇద్దరం బట్టీకి వెళ్తున్నాం. త్రాసు సంచిలో పెట్టుకున్నాను.