ఎంపిక కాని పిల్లకు చూపించాల్సిన కాగితం

ఎత్తైన కర్రల మీదుగా గుర్రాన్ని దూకించే షో జంపింగ్‌లో లెక్క చాలా తేట. కర్ర కింద పడితే నాలుగు పెనాల్టీ పాయింట్లు. గుర్రం కర్ర ముందు మొరాయిస్తే ఇంకో నాలుగు. రెండోసారీ మొరాయిస్తే పోటీ నుంచే బయటికి. కర్ర పడిందో లేదో గ్యాలరీలో కూర్చున్న పిల్లలకు కూడా కనిపిస్తుంది, జడ్జి ముఖం వైపు చూడాల్సిన పనే లేదు. అయినా కుర్రకారు జట్టును ఎంచే రోజు వచ్చేసరికి ఈ ఆటలోనూ తగవులు తప్పవు. ఏ పోటీల పాయింట్లు లెక్కలోకి తీసుకుంటారు? కొత్త గుర్రం మీద వచ్చిన పాయింట్లకూ పాత గుర్రం మీద వచ్చినవాటికీ ఒకే విలువా? ఎంచేవాళ్లలో ఒకరి దగ్గరే ఒక పిల్ల శిక్షణ తీసుకుంటుంటే ఆయన ఎంపిక బల్ల దగ్గర కూర్చోవచ్చా?

మన దేశంలో ఈ ఆటకు ఇంకో చిక్కుంది. ఇక్కడి గుర్రాలకు అంటురోగాలు లేవని విదేశాలు ఒప్పుకోకపోవడంతో, వాటిని యూరప్ పోటీలకు తీసుకెళ్లడం చాలాకాలం దాదాపు అసాధ్యంగా ఉండేది. 2025 జూలైలో మీరట్‌లోని సైనిక పశువైద్య కేంద్రానికి చెందిన ప్రత్యేక ప్రాంగణాన్ని వ్యాధిరహితంగా ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ గుర్తించింది. అందాకా పెద్ద పోటీల మీద ఆశ ఉన్న పిల్లలు యూరప్‌లోనే గుర్రాన్ని సమకూర్చుకుని, అక్కడే ఉండి సాధన చేయాల్సి వచ్చేది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల డ్రెసాజ్‌లో (గుర్రంతో నిర్ణీత కదలికలు చేయించే పోటీలో) జట్టుగా స్వర్ణం గెలిచిన సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛెడా, అనూష్ అగర్వాలా నలుగురూ యూరప్‌లో తర్ఫీదైనవాళ్లే. 1982 తర్వాత అశ్విక క్రీడల్లో మనకు దక్కిన ఆసియా స్వర్ణం అదే. వాళ్ల కష్టాన్ని ఎవరూ తక్కువ చేయలేరు. కానీ ఆ దారి ఖర్చు భరించలేని ఇళ్ల పిల్లల పేర్లు ఎంపిక బల్ల దాకా రానేలేదన్నదీ అంతే నిజం.

నెల్లూరుకు ఉత్తరాన, వరి మళ్ల మధ్య ఉన్న కొడవలూరులో గుర్రాలను దూకించే మైదానం లేదు. ఎంపిక మాత్రం ఇక్కడికీ ఏటా వస్తుంది. స్కూల్ గేమ్స్ కాలం మొదలయ్యిందంటే అండర్-14, అండర్-17 జట్ల కోసం మండలంలోని హైస్కూళ్ల పిల్లలు ఆటోల్లో దిగుతారు. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, పరుగు పందేలు. మండలంలో నెగ్గినవాళ్లు జిల్లా ఎంపికలకు, అక్కడ నెగ్గినవాళ్లు రాష్ట్ర పోటీలకు వెళ్తారు. వ్యాయామ ఉపాధ్యాయులు నోటుపుస్తకాల్లో పేర్ల పక్కన టిక్కులు పెట్టుకుంటారు. సాయంత్రానికి పేర్లు చదువుతారు, లేదంటే రాత్రికి వాట్సాప్ గ్రూపులో పెడతారు. పేరు రాని పిల్ల తండ్రి మర్నాడు బడి దగ్గరికి వచ్చి అడిగితే దొరికే జవాబు ఎక్కడైనా ఒకటే: "వచ్చే ఏడు చూద్దాంలే అబ్బయ్యా."

ఆ తండ్రి అడిగింది వచ్చే ఏడాది సంగతి కాదు. నిన్న ఏం జరిగిందని అడిగాడు.

ఆ ప్రశ్నకు విలువ ఎంతో ఉంది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారుల కోటా ఇటీవలే 2 శాతం నుంచి 3 శాతానికి పెరిగింది. రాష్ట్రస్థాయి, జాతీయస్థాయి సర్టిఫికెట్లకు బరువు పెరిగేకొద్దీ, ఆ మెట్లకు మొదటిదైన మండల ఎంపికకూ బరువు పెరుగుతుంది. పద్నాలుగేళ్ల పిల్లకు ఆ ఎంపిక రోజున తేలిపోయే విషయం, పదేళ్ల తర్వాత ఆమె దరఖాస్తులో ఒక గడిని నింపవచ్చు, ఖాళీగా వదిలేయవచ్చు.

ఎంపికలో న్యాయం అంటే ఏమిటో తెలుగు నేల మీద అందరికంటే బాగా అడిగి చూపించింది నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్. 2011లో టర్కీలోని అంటాల్యాలో జూనియర్ ప్రపంచ చాంపియన్ అయ్యేనాటికి ఆమెకు నిండా పదిహేనేళ్లు లేవు. ఎనిమిదేళ్ల తర్వాత, 2019 ఆగస్టులో, ప్రపంచ చాంపియన్‌షిప్‌కు 51 కిలోల విభాగంలో ట్రయల్ (ఎంపిక పోటీ) లేకుండానే, అప్పటికే పెద్ద చాంపియన్ అయిన మేరీ కోమ్‌ను ఎంపిక చేశారు. నిలకడైన ఆటతీరును కారణంగా చెప్పారు. మేరీ కోమ్ ఆ పోటీల నుంచి కంచుతో తిరిగివచ్చింది. స్వర్ణం, రజతం గెలిచినవాళ్లకు మాత్రమే ఒలింపిక్ అర్హత పోటీలకు నేరుగా చోటన్నది అంతకుముందు చెప్పిన మాట. ఇప్పుడు కంచుకూ అదే వర్తిస్తుందన్న సూచనలు వచ్చాయి. అప్పుడు 23 ఏళ్ల నిఖత్ క్రీడల మంత్రి కిరెన్ రిజిజుకు బహిరంగ లేఖ రాసింది.

ఆ లేఖలో ఆమె అడిగింది చాలా చిన్నది. జట్టులో చోటు అడగలేదు, మేరీ కోమ్‌ను పక్కన పెట్టమనలేదు. ఒక్క పోటీ పెట్టమంది. 23 ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన మైకేల్ ఫెల్ప్స్ కూడా ప్రతిసారీ అర్హత పోటీలో ఈదాకే వెళ్లాడని గుర్తుచేసింది. షూటర్ అభినవ్ బింద్రా ఆమె వైపు నిలబడ్డాడు. ఇంత పెద్ద చాంపియన్‌తో పోటీ అడగడమేమిటని ఆమె మీద మాటలూ పడ్డాయి. చివరికి ఫెడరేషన్ ట్రయల్ పెట్టింది. 2019 డిసెంబరు 28న ఢిల్లీలో ఇద్దరూ రింగులోకి దిగారు. మేరీ కోమ్ 9-1తో గెలిచింది.

నిఖత్ ఓడిపోయిన ఆ పోటీని న్యాయం గెలిచిన రోజుగా చెప్పుకోవాలి. ట్రయల్ లేకుండానే మేరీ కోమ్ వెళ్లి ఉంటే, ఆమె సత్తాను శంకించేవాళ్లు ఎప్పటికీ ఉండేవాళ్లు, నిఖత్‌కూ తాను ఎక్కడ ఉందో తెలిసేది కాదు. ఆ ఒక్క పోటీతో ఇద్దరికీ మేలు జరిగింది. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో థాయ్‌లాండ్ బాక్సర్ జిట్పాంగ్ జుటామస్‌ను 5-0తో ఓడించి నిఖత్ ప్రపంచ చాంపియన్ అయ్యింది. మరుసటి ఏడాది ఢిల్లీలో మళ్లీ గెలిచింది.

ట్రయల్ పెట్టేస్తే అన్నీ సర్దుకుంటాయని ఈ కథ నుంచి తేల్చేయడానికి లేదు. 2023 మార్చిలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ కోసం అదే బాక్సింగ్ ఫెడరేషన్ కొత్త పద్ధతి పెట్టింది. ఒక్క రోజు పోటీ బదులు కొన్ని వారాల శిబిరంలో రకరకాల అంశాలకు మార్కులు వేసి జట్టును ఎంచారు. ఒక్క చెడ్డ రోజు ఒక మంచి బాక్సర్ భవిష్యత్తును తీసేయకూడదన్నది దాని వెనక ఆలోచన, మంచి ఆలోచనే. కానీ అంతకు మూడు నెలల ముందు భోపాల్‌లో జాతీయ చాంపియన్లుగా నిలిచిన మంజు రాణి, శిక్ష, పూనమ్ పూనియా జట్టులో లేకపోవడంతో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. కోర్టు జోక్యం చేసుకోలేదు. మార్కుల పద్ధతి మంచిదైనా, ఏ అంశానికి ఎన్ని మార్కులో, ఎవరు వేస్తారో శిబిరం మొదలయ్యేనాటికే ఆటగాళ్లకు పూర్తిగా తెలియాలి. లేకపోతే మార్కుల కాగితం కూడా మూసిన తలుపే అవుతుంది.

కోర్టులు ఈ విషయాల్లో దిగడానికి ఇష్టపడవు. రియో ఒలింపిక్స్‌కు ముందు నర్సింగ్ యాదవ్‌తో ట్రయల్ పెట్టమని మల్లయోధుడు సుశీల్ కుమార్ వేసిన పిటిషన్‌ను 2016 జూన్‌లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. ఎవరు మెరుగో తేల్చడం నిపుణుల పని, నియమాలను తుంగలో తొక్కారా లేదా అన్నది మాత్రమే చూస్తామన్నది కోర్టుల ధోరణి. అరుదుగా దిగినా అంత తేలిగ్గా ముడి విడిపోదు. 2018లో కబడ్డీ ఎంపికల మీద ఆరోపణలు వచ్చినప్పుడు అదే హైకోర్టు, ఆసియా క్రీడలకు వెళ్లిన జట్టుకూ వెళ్లనివాళ్ల జట్టుకూ మధ్య ఢిల్లీలో ఒక మ్యాచ్ పెట్టమంది. సెప్టెంబరు 15న వెళ్లనివాళ్లు వచ్చారు, వెళ్లినవాళ్లు రాలేదు.

హైదరాబాద్ క్రికెట్‌లో సమస్య ఇంకా కిందనే మొదలైంది. లీగ్ ఆడే క్లబ్బుల్లో చాలావాటిని కొద్దిమందే నడుపుతున్నారన్న ఫిర్యాదులున్నాయి. సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరిలో నియమించిన జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు కమిటీ, ప్రయోజనాల ఘర్షణ కారణంగా 57 క్లబ్బులను హైదరాబాద్ క్రికెట్ సంఘం ఎన్నికల నుంచి పక్కన పెట్టింది. పదహారేళ్ల కుర్రాడు లీగ్‌లో పరుగులు చేస్తేనే ఎంపికదారుల కంట పడతాడు, లీగ్ ఆడాలంటే క్లబ్ కావాలి. క్లబ్బులన్నీ కొద్ది చేతుల్లో ఉంటే, ట్రయల్ ఎంత సవ్యంగా జరిగినా వరసలో నిలబడేవాళ్లెవరో ముందే తేలిపోతుంది. యూరప్‌లో గుర్రం ఉన్నవాళ్లకే దారి దొరికిన సంగతీ ఇలాంటిదే.

నెల్లూరు, ప్రకాశం, గుంటూరు వైపు పండగ రోజుల్లో జరిగే ఎడ్ల బండలాగుడు పోటీలను చూసినవాళ్లకు ఒక సంగతి తెలుసు. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ ఎద్దు వయసును నోరు తెరిచి అందరి ముందూ చూస్తారు. ఏ జత ఎప్పుడు దిగాలో చీటీ తీస్తారు. గడువు అయ్యాక బండ ఎక్కడ ఆగిందో అక్కడిదాకా టేపు పట్టి అడుగులూ అంగుళాలూ మైకులో చదువుతారు. ఓడిన జత యజమాని తాను ఎన్ని అంగుళాలతో వెనకబడ్డాడో తెలుసుకునే ఇంటికి వెళ్తాడు. ఎడ్లకు ఇచ్చే ఆ లెక్క మన బడి పిల్లలకు ఇవ్వకపోవడం బాధగా ఉంది.

వ్యాయామ ఉపాధ్యాయుల వైపు నుంచి చూస్తే వాళ్ల కష్టమూ తక్కువది కాదు. ఒక మధ్యాహ్నం పూట, ఎండలో, పదుల సంఖ్యలో పిల్లల్లోంచి కబడ్డీకి పన్నెండుమందిని ఎంచాలి. కబడ్డీ పరుగుపందెం కాదు, స్టాప్‌వాచ్ చెప్పే జవాబు సరిపోదు. అద్భుతంగా రైడ్‌కు వెళ్లే ముగ్గురున్నా ఎడమ కార్నర్‌లో కాలు పట్టేవాళ్లు లేకపోతే జట్టు నిలవదు. కాబట్టి ఎంపికదారుడి చూపుకు చోటుండాలి. ఆ చూపును వాడానని రాసిపెట్టాలి. "కుడి కార్నర్‌కు ఇద్దరే కావాలి, నువ్వు మూడో స్థానంలో ఉన్నావు" అని ఒక వాక్యం రాస్తే, ఆ పిల్ల మర్నాటి నుంచి ఏం సాధన చేయాలో తెలుసుకుంటుంది. తన బడి పిల్లలు బరిలో ఉన్నప్పుడు ఆ ఉపాధ్యాయుడు మార్కులు వేయకుండా తప్పుకోవడమూ అంతే అవసరం. నిజాయితీపరుడికే ఇది ఎక్కువ మేలు, తన పిల్లలు నెగ్గినప్పుడు ఎవరూ వేలెత్తి చూపలేరు.

2025 ఆగస్టులో వచ్చిన జాతీయ క్రీడా పాలన చట్టం క్రీడా వివాదాల కోసం ప్రత్యేక ట్రిబ్యునల్‌ను తెచ్చింది. జాతీయ జట్ల తగాదాలకు అది మంచి కబురే. కొడవలూరు నుంచి జిల్లా ఎంపికకు వెళ్లలేకపోయిన పిల్ల మాత్రం ఆ మెట్లు ఎక్కదు. ఆమెకు కావలసింది బడిలోనే దొరకాలి. ఎంపికకు వారం ముందు నియమాలు బోర్డు మీద, ఎంపికైన సాయంత్రం అందరి మార్కులూ అదే బోర్డు మీద, మూడు రోజుల్లో అడిగితే వినే ఒక అధికారి పేరు. పక్క మండలం నుంచి ఇద్దరు వ్యాయామ ఉపాధ్యాయులను మార్కులు వేయడానికి పిలిస్తే ఇంకా మంచిది. వాళ్ల బస్సు ఛార్జీ, మధ్యాహ్నం భోజనం ఎవరు పెట్టుకోవాలన్నది ముందే తేల్చాలి. ఇప్పటికే పిల్లల ఆటో కిరాయిలు తమ జేబుల్లోంచి పెట్టుకునే ఉపాధ్యాయులున్న చోట, ఇది కూడా వాళ్ల మీదే పడితే రెండో ఏడాదికి ఎవరూ రారు.