ముందు భూతకాలం పట్టండి

ఫార్సీ ఎక్కడ మొదలుపెట్టాలని ఎవరడిగినా నాది ఒకటే జవాబు. ముందు భూతకాలం పట్టండి, వర్తమానం సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఆ భాషలో క్రియ మూలరూపం 'తన్' అనో 'దన్' అనో ముగుస్తుంది. రఫ్తన్ అంటే వెళ్ళడం, దీదన్ చూడడం, కర్దన్ చేయడం. చివరి 'అన్' తీసేస్తే మిగిలేవి రఫ్త్, దీద్, కర్ద్. భూతకాలానికి ధాతువులు ఇవే. 'వెళ్ళాడు, చూశాడు, చేశాడు' అన్నా ఇవే, వీటికి ఇంకే ప్రత్యయమూ అక్కర్లేదు. వెళ్ళింది అన్నా రఫ్తే, ఆడామగా తేడా లేదు. తక్కినవి రఫ్తమ్ (వెళ్ళాను), రఫ్తీ (వెళ్ళావు), రఫ్తీమ్ (వెళ్ళాం), రఫ్తీద్ (మీరు వెళ్ళారు), రఫ్తంద్ (వాళ్ళు వెళ్ళారు). కర్తను వదిలేసినా ఎవరో క్రియే చెబుతుంది. తెలుగువాళ్ళకు ఇది పుట్టుకతో వచ్చిన అలవాటు.

వర్తమానం అలా లొంగదు. దీదన్ అక్కడ 'బీన్' అవుతుంది, కర్దన్ 'కొన్' అవుతుంది. ఇలాంటివి కంఠస్థం చేయాల్సిందే. భూతకాలంలో ఆ బెడద లేదు.

నేను పొద్దున్నే ఒక క్రియ తీసుకుని రూపాలన్నీ పైకి చదువుతాను. ముందు 'న' చేరిస్తే నరఫ్తమ్, వెళ్ళలేదు. 'మీ' చేరిస్తే మీరఫ్తమ్, వెళ్తూ ఉండేవాణ్ణి. రఫ్తె బూదమ్ అంటే అప్పటికే వెళ్ళిపోయాను. కళ్ళతో చదివితే చాలదు. రఫ్తమ్‌లో ఊనిక ధాతువు మీద పడుతుంది. 'న', 'మీ' చేరగానే వాటి మీదికి వెళ్తుంది. అది నోటికే తెలుస్తుంది.

ఇరాన్‌లో మాట్లాడేటప్పుడు రఫ్తంద్‌లో చివరి 'ద్' జారిపోయి 'రఫ్తన్' అవుతుంది. మూలరూపంలోనూ అవే అక్షరాలు, కాబట్టి ఊనికనూ సందర్భాన్నీ చూసి పోల్చుకోవాలి. ఎవరైనా పిలిస్తే ఇంకా బయల్దేరకుండానే 'ఊమదమ్' అంటారు. పుస్తకాల్లో అది ఆమదమ్, వచ్చాను. మనం 'వచ్చేశా, వచ్చేశా' అంటాం చూడండి, అచ్చం అదే. ఈ పోలిక నాకు ఎంత ఇష్టమో చెప్పలేను.

ఈ ధాతువుల్లో కొన్ని మన కచేరీల్లో ఎప్పుడో స్థిరపడ్డాయి. రసీదన్ అంటే చేరడం. 'అన్' తీసేస్తే రసీద్, చేరింది. మన రసీదు అదే. కొనడానికి ఖరీదన్, అందులోంచి ఖరీదు. గుమాష్తన్ అంటే పనికి నియమించడం, నియమితుడు గుమాస్తా. ఫార్సీలో భూతకాల ధాతువు ఇలా నామవాచకంగానూ నిలబడుతుంది. అందుకే దాన్ని పట్టుకుంటే క్రియతో పాటు సగం పదకోశం దొరుకుతుందని నా నమ్మకం.

వ్యాకరణం పుస్తకం కొనే ముందు రఫ్తన్, దీదన్, ఖరీదన్ ఈ మూడింటినీ ఆరు రూపాల్లో పైకి చదవండి. వారం చదివాక పుస్తకం తెరవండి.