ఇంకోసారి సదువన్నా

ఉగాది కవి సమ్మేళనంలో కవికి మైకు దొరుకుతుంది, శాలువా దొరుకుతుంది. దొరకనిది వినేవాళ్ళు. జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ తమ వంతు కోసం కాగితం సర్దుకుంటూ ఉంటారు. కొత్త కవిత నిలబడటం నేర్చుకునేది వేరే చోట. ఆదివారం ఏ బడి గదిలోనో, గ్రంథాలయం వసారాలోనో పది మంది కుర్చీలు దగ్గరికి లాక్కుని కూర్చున్నప్పుడు. హరిదా రచయితల సంఘం లాంటి వేదికలున్న నిజామాబాద్ జిల్లాలో ఆ చిన్న కూటమే అసలు కార్ఖానా అని నా నమ్మకం.

అక్కడ పాటించాల్సిన మొదటి పద్ధతి, కవితకు ముందు ముచ్చట పెట్టకపోవడం. ఎప్పుడు రాశాను, ఎందుకు రాశాను అని కవి మొదలుపెట్టగానే ఎవరో ఒకరు ఆపాలి: "ముందు సదువన్నా, కథ తర్వాత." ముందే చెప్పేస్తే వినేవాళ్ళు కవితను వదిలి, కవి చెప్పిన కథనే వింటారు. కాగితాలు కూడా ముందుగా పంచకూడదు. కన్ను తొందరపడి చివరి పాదానికి పోతుంది, చెవి పోలేదు. చదివేవాడి నాలుక ఎక్కడ తడబడిందో అక్కడ సాధారణంగా వాక్యమే బాగాలేదని అర్థం. ఆ తర్వాత అదే కవితను ఇంకొకరి చేత చదివించాలి. కవి గొంతులో ఉండి కాగితం మీద లేనిదేదో అప్పుడు తేలిపోతుంది. సొంత కవితను పరాయి నోట వినడం కష్టమే, కానీ దిద్దుబాటుకు అంతకంటే మంచి దారి నాకు కనబడలేదు.

ఇలా వినే చెవి మనకు ఉర్దూ కవుల సభలైన ముషాయిరాల నుంచి కూడా వచ్చింది. నిజామాబాద్, బోధన్ రెండూ ఉర్దూ విన్న ఊళ్ళు. గజల్‌లోని షేర్‌లో రెండే పాదాలు, ఒక్కో పాదం ఒక మిస్రా. షాయర్ మొదటి మిస్రా చదివి ఆగుతాడు. సభ ఆ పాదాన్ని అందుకుని తిరిగి అంటుంది, అతను మళ్ళీ చదువుతాడు. ఏమొస్తుందోనని అందరూ ఎదురుచూస్తుండగా రెండో మిస్రా పడుతుంది. నచ్చితే "ముకర్రర్" అంటారు, మళ్ళీ చదవాల్సిందే. ఇచ్చిన మిస్రా మీద అందరూ గజల్ కట్టుకొచ్చే తరహీ ముషాయిరా కూడా ఉంది, మన అవధానంలోని సమస్యాపూరణానికి దగ్గరి చుట్టం. వచన కవితకు ఆ కట్టుబాట్లేవీ లేవు. అందుకే దానికి ఆగడం తెలిసిన గొంతు, అందుకోవడం తెలిసిన సభ ఇంకా ఎక్కువ అవసరం.

బోధన్‌లో ఎవరు కలం పట్టినా ఎప్పుడో ఒకప్పుడు శక్కర్‌నగర్ వైపు నడవక తప్పదు. అక్కడ 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించారు. దాని మీద కవిత రాసే కుర్రవాడు "ఫ్యాక్టరీ కన్నీరు పెట్టింది" అనే రాస్తాడు, ఆ బాధ నిజమైనదే. కానీ వినేవాళ్ళలో చెరకు తోలిన పెద్దాయన ఒకరుంటే చాలు. "కన్నీళ్ళ సంగతి సరే, కాంటా కాడ రాత్రంతా బండ్లు ఆగేటియి గదా, అది రాయవేంది బిడ్డా?" అంటాడు. బండి కింద గోనెసంచి పరుచుకుని పడుకోవడం, తెల్లారేసరికి చెరకు ఎండి తూకం తగ్గుతుందన్న దిగులు, చేతిలో నలిగిన చీటీ, మడ్డి వాసన అన్నీ ఆయన నోటినుంచి వరుసగా వస్తాయి. మళ్ళీ కూర్చున్నప్పుడు కన్నీరు పోయి చీటీ వస్తుంది కవితలోకి. ఏ విమర్శ గ్రంథమూ చేయలేని పని అది, ఎందుకంటే ఆ చీటీ సంగతి ఆ గదిలోని మనిషికే తెలుసు.

వినే మనిషి విలువ తెలియాలంటే నిజామాబాద్ ఖిల్లా వైపు చూడాలి. 1948లో కవి దాశరథి కృష్ణమాచార్యను ఆ కోటలోని జైల్లో పెట్టారు. పళ్ళు తోముకోవడానికిచ్చిన బొగ్గుతో ఆయన గోడల మీద పద్యాలు రాసి దెబ్బలు తిన్నారు. తోటి ఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామి, దేశోద్ధారక గ్రంథమాల నడిపిన ప్రచురణకర్త, తానూ రచయితే. అచ్చూ పత్రికా లేని చోట కొత్త పద్యానికి పక్కన అలాంటి మనిషి ఉండటం ఎంత బలమో! 1949లో దాశరథి 'అగ్నిధార' పుస్తకంగా వచ్చింది.

తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మందితో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చారు. అంతమంది ఒక్క ఏడాదిలో పుట్టుకొచ్చినవాళ్ళు కారు. అచ్చుకెక్కకముందే వాళ్ళ ఊళ్ళలో ఎవరో విన్నారు, బాగుందన్నారు, ఇక్కడ గణం తప్పిందన్నారు.

ఇప్పుడు కవిత ఫోన్‌లో పెట్టగానే చప్పట్ల బొమ్మలు వచ్చేస్తాయి. ఏ పాదం తగిలిందో, ఏ పాదం తేలిపోయిందో మాత్రం ఎవరూ చెప్పరు. ఎదురుగా కూర్చున్న మనిషి చెప్పకపోయినా ముఖంలో తెలుస్తుంది.

మన కూటములు ముషాయిరా నుంచి ఇంకొకటి తీసుకోవాలని నా కోరిక. అక్కడ చిన్నవాళ్ళు ముందు, ఉస్తాదులు చివర. మన దగ్గర అతిథుల ప్రసంగాలు ముగిసి కొత్తవాళ్ళ వంతు వచ్చేసరికి సగం కుర్చీలు ఖాళీ. వేళ కూడా మారాలి. చీకటి పడ్డాక మొదలయ్యే సభకు వర్ని నుంచో కోటగిరి నుంచో వచ్చే అమ్మాయి తిరుగు బస్సు చూసుకోవాలి, బీడీలు చుట్టే తల్లి ఇంట్లో వంట చూసుకోవాలి. పొద్దున పదకొండుకు మొదలుపెట్టి, మొదటిసారి వచ్చినవాళ్ళ చేత మొదట చదివించి, "ఇంకోసారి సదువమ్మా" అని అడిగితే వాళ్ళు వచ్చే నెలా వస్తారు.