నొసటి వ్రాతయా? చేతుల చేతయా?



మిరప కోతలైన దినములలో, ప్రొద్దు వాలిన పిదప, కల్లము దగ్గర కూర్చుండి మన పెద్దలు మాటలాడుకొనుట నీవు వినియే యుందువు. ధర పడిపోయినయెడల "మన రాత ఇంతే" అందురు. పిల్లవాడు బడి మానినయెడల "వాని నొసట అట్లు వ్రాసియున్నది" అందురు. ఆదివారము గుడికి వచ్చు మనము ఆ మాటనే కొంచెము మార్చి "దేవుని చిత్తము" అందుము. మాట మారినది సరే, తలపు మారినదా? ఈ ప్రశ్నయే నన్ను మరల గుఱ్ఱము జాషువగారి ‘గబ్బిలము’ నొద్దకు నడిపించినది.

జాషువగారు మన గడ్డమీద పుట్టినవారు. 1895లో వినుకొండలో జన్మించిరి. తండ్రి వీరయ్యగారు యాదవులు, తల్లి లింగమ్మగారు మాదిగ కులస్థురాలు. ఇద్దరును క్రైస్తవులు. ఊరి అనుమతికై కాచుకొని యున్నయెడల ఆ కాపురము నిలిచియుండునా? కవి పుట్టకమునుపే ఆ ఇంట ఒక ధైర్యమైన నిర్ణయము జరిగినది. ఆయన గుంటూరులో ఉపాధ్యాయుడుగాను తెలుగు పండితుడుగాను పనిచేసిరి. 1964లో ‘క్రీస్తు చరిత్ర’కు సాహిత్య అకాడమీ బహుమానము పొందిరి. 1971లో గుంటూరులోనే కన్నుమూసిరి. ఆ గ్రంథము పేరు మన సంఘములలో కొందరెరుగుదురు. 1941లో వెలువడిన ‘గబ్బిలము’ను మాత్రము, అందులో శివుని పేరున్నదని, మనవారిలో కొందరు ముట్టరు. ఆ సంకోచము తగదని నా మనవి.

కథ చిన్నది. తంజావూరు ప్రాంతమున ఒక బీద అరుంధతీయుడున్నాడు. ఒక రాత్రి అతని గుడిసెలోనికి గబ్బిలము వచ్చును. దాని రెక్కల గాలికి చిన్న ఆముదపు దీపము ఆరిపోవును. గబ్బిలము ఇల్లు చొచ్చిన కీడని మన పల్లెలలో అనుకొందురు. కాని ఈ బీదవాడు దానిని తరిమివేయడు. ఆడుబిడ్డతో మాటలాడినట్లు దానితో తన గోడు చెప్పుకొనును. కాశికి పోయి, పూజారి దగ్గర లేని సమయము చూచి, శివుని చెవిలో తన సంగతి వేయుమని బ్రతిమాలును. ఎందుకనగా తాను అడుగుపెట్టరాని గుడిలో గబ్బిలము తలక్రిందుగా వ్రేలాడవచ్చును! కాళిదాసు మేఘమును రాయబారముగా పంపినది ప్రియురాలిని బాసిన యక్షుని కొరకు. జాషువగారు గబ్బిలమును పంపినది ఆకలిగొన్న మనుష్యుని కొరకు.

కావ్యమునకు ఆయువుపట్టు మరియొక చోట నున్నది. నీ బీదతనము నీ పూర్వకర్మ ఫలమని అతనికి తరతరములుగా చెప్పియున్నారు. అతడు ఆ మాటను ఊరక మ్రింగడు. ఆ కర్మమనగా నేమి, దానికి నామీద ఈ పగ యెందుకు, దేవుడే ఋజువు చూపవలెనని అడుగును. ఆ మాట చెప్పి తన నోరు మూయించినవారే తన కూడు తినుచున్నారని గుర్తించును. చదువరీ, ఇక్కడ ఒక్క నిమిషమాగి ఆలోచించుము. కర్మ అనెడి మాట చేయు పని యేమి? అది చేసిన చేతిని దాచివేయును. నూతికి రాకుండ ఆపినది ఒక మనుష్యుడు. కూలి తగ్గించినది ఒక మనుష్యుడు. వారట్లు చేయకుండ ఉండగలరు, అయినను చేసిరి. ఆ సంగతి మరపించి, నేరమంతయు కంటికి కనబడని జన్మముమీద మోపుటకు ఈ మాట పనికివచ్చినది. ఇంత పెద్ద సత్యమును ఒక పామరుని నోట, కోపము మించకుండ పలికించుటలోనే జాషువగారి గొప్పతనమున్నది.

ఇది మనకు క్రొత్త సంగతియా? యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయము తెరువుము. పుట్టుగ్రుడ్డివానిని చూచి, పాపము చేసినది వీడా, వీని తలిదండ్రులా అని శిష్యులడిగిరి. ఇరువురిలో ఎవరును కారని ప్రభువు చెప్పెను. చెప్పి ఊరకుండలేదు, బురద చేసి వాని కన్నులు ముట్టెను. తంజావూరు బీదవాడు శివుని అడిగిన ప్రశ్నయు, శిష్యులు యేసును అడిగిన ప్రశ్నయు ఒకే కొమ్మకు కాచినవి.

కాని ఇచ్చట మరియొక గోతిలో పడకుండ చూచుకొనవలెను. "వ్రాత లేదు, అంతయు మన చేతిలోనే యున్నది" అని బీదవానిముందు బోధించుటయు అన్యాయమే. 1987-88లో మన గుంటూరు, ప్రకాశము మండలములలో తెల్లదోమ పత్తిని తినివేసినప్పుడు అప్పులపాలై కొందరు రైతులు ప్రాణములు తీసికొనిరి. ఆ దోమను వారు కోరుకొనలేదు. వడ్డీ పెంచుట, పనిచేయని మందు అమ్ముట, పొరుగువాడు క్రుంగుచుండగా పలుకరింపక పోవుట: ఇవి మాత్రము ఎవరో కోరి చేయు పనులే. 1985లో కారంచేడులో ఆరుగురును, 1991లో చుండూరులో ఎనమండుగురును చంపబడిరి. ఆ ఇండ్లవారితో అది మీ వ్రాత యనగలమా? చంపినవి చేతులు, ఆ చేతులు తమంతట తాము ఎత్తబడినవే. స్వచిత్తమున్నదని నమ్మువాడు ముందుగా తన చేతులను చూచుకొనవలెను గాని ఎదుటివాని కన్నీటిని లెక్కకట్టరాదు.

‘గబ్బిలము’లో నాకొక కొరతయు కనబడుచున్నది, దాచను. అందులో ఎగురునది గబ్బిలము. బీదవాడు గుడిసెలోనే యున్నాడు. అడుగుటవరకు అతని స్వాతంత్ర్యము వచ్చినది, లేచి నడచుటవరకు రాలేదు. ఆ నడక కొరకు మనము కవి జీవితమునే చూడవలసియున్నది. బీదతనమును, కులభేదమును తన కిద్దరు గురువులని ఆయన చెప్పుకొనిరి. ఒకటి ఓర్పును నేర్పెను, మరియొకటి ఎదిరించు బలమునిచ్చెను. ఆ ఇద్దరు గురువులు మన పల్లెలలో ఎన్ని ఇండ్లకు రాలేదు? వచ్చినప్పుడు వారివద్ద ఏ పాఠము నేర్చుకొందుమనునదే మన వంతు. ఒకవైపు కులముచేత ఆయనను సభలలో అవమానించిరి. మరియొకవైపు, క్రైస్తవుడై యుండి పురాణములు పట్టుకొనెనని మనవారే వెలివేసిరని ఆయన చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. అయినను ఆయన కలము దింపలేదు. అవమానించినది వారి చేత, వ్రాసినది ఆయన చేత.

మన తాతల దినములను కూడ తలంచుకొనుడి. 1876-78 కరవులో ఒంగోలు క్లౌ దొరగారు బకింగుహాము కాలువ పనులు చేయించి వేలమందికి కూలి ఇప్పించిరి. అప్పుడు బాప్తిస్మము కోరి వచ్చినవారిని చేర్చుకొనక నిలిపివేసిరి. గంజి కొరకు వచ్చు విశ్వాసము వారికి అక్కరలేదు. కరవు తీరిన పిదప, 1878 జూలై 3వ తేదీన, గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లిలో ఒక్క దినముననే 2222 మంది బాప్తిస్మము పొందిరి. ఆకలి వారిని నెట్టలేదని చూపుటకే ఆ ఆలస్యము. మన సంఘములలో అనేకములకు పునాది, ఎవరును బలవంతపెట్టని ఆ సమ్మతియే.

అట్టివారి మనుమలము మనము. పెండ్లి సంబంధము వెదకునప్పుడు మాలయా మాదిగయా అని అడుగుచున్నామే, అది దేవుని చిత్తమా, మన కోరికయా? ఆడపిల్లను బడి మాన్పించి కాయకోతకు పంపుట ఎవరి వ్రాత? కూలిడబ్బు సారాదుకాణమునకు పోవుట ఏ జన్మ కర్మ? దేవుని పేరు పెట్టినంతమాత్రమున మన పని దేవుని పని కాదు. తంజావూరు బీదవాడు శివుని ఋజువు అడిగెను. మన ప్రభువు నేడు ఆ ఋజువునే మనలను అడిగినయెడల ఏమి చూపుదుము?

మోషే తరువాత జనులను నడిపించినవాడు వారిని షెకెములో సమకూర్చి, ఎవరిని సేవింతురో ఆ దినముననే కోరుకొనుడని పిలిచెను. అతని పేరు యెహోషువ. ఆ పేరే మన కవికి తలిదండ్రులు పెట్టుకొనిరి. ‘గబ్బిలము’ను ఇంటికి తెచ్చి, చదువు వచ్చిన బిడ్డచేత రాత్రి దీపము దగ్గర చదివించుకొనుము. చదువు ముగిసిన పిదప నొసలు తడుముకొనకుము. నీ రెండు చేతులు చూచుకొనుము.