ఇరవై ఒకటవ అధికరణం: ప్రతిపదార్థం, తాత్పర్యం

ప్రతిపదార్థం చెప్పినంతమాత్రాన పద్యం బోధపడదని నేను తరగతిలో చెబుతూంటాను. రాజ్యాంగానికీ ఇది వర్తిస్తుంది. చట్టం నిర్ణయించిన పద్ధతిలో తప్ప ఎవరి ప్రాణాన్నీ, స్వేచ్ఛనూ హరించరాదని 21వ అధికరణం చెబుతున్నది. కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ తన నిర్బంధాన్ని ప్రశ్నించినప్పుడు, 1950లో సుప్రీంకోర్టు దీనికి ప్రతిపదార్థమే చెప్పింది: శాసనకర్తలు చేసిన చట్టమొకటి ఉంటే చాలు, అది న్యాయమైనదా అన్న విచికిత్స అనవసరం! న్యాయమూర్తి ఫజల్ అలీ ఈ అర్థాన్ని అంగీకరించలేదు. గోపాలన్ పిటిషన్ వీగిపోయింది.

అత్యవసర పరిస్థితిలో, 1976లో, నిర్బంధితుడికి కోర్టు తలుపు తట్టే హక్కే లేదన్నారు నలుగురు న్యాయమూర్తులు. కాదన్నవాడు ఖన్నా ఒక్కడే. 1978లో మేనకాగాంధీ కేసులో అదే కోర్టు, ఆ పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండి తీరాలన్నది. అధికరణంలో అక్షరం మారలేదు. మారినదేమిటి? 1977లో ప్రజలిచ్చిన తీర్పును పక్కన పెట్టి ఈ మార్పును వివరించడం సాధ్యం కాదని నా అభిప్రాయం.

అంతమాత్రాన పొంగిపోనక్కరలేదు. విచారణ లేకుండా మనిషిని నిర్బంధించడానికి పక్కనే ఉన్న 22వ అధికరణం నేటికీ అనుమతిస్తున్నది. సలహా మండలి ఊసు లేకుండానే మూడు నెలలు ఉంచవచ్చు. ఈ రెంటినీ కలిపి చదివినప్పుడే మన స్వేచ్ఛ ఎంతో మనకు తెలుస్తుంది.